పోయొస్త

"నువ్వు గూడ రా మామూ" అన్నది రజాన్
నా చిటికెన వేలు పట్టి గుంజుకుంట.
ముప్పై ఏండ్ల సంది పబ్లిక్ గార్డెన్ గేటు కాడ
సవారీలను దించుడే గాని
లోపల ఏమున్నదో నేనెన్నడు సూడలె.

ఇఖ్లాస్ మేడం సంకల చంటోడు,
భుజానికి పాల సీసాల సంచి,
చేతికి దొరకకుంట ఉరికే నాలుగేండ్ల ముహన్నద్.
వాళ్లాయన పాసుపోర్టులు పట్టుకొని
వీసా ఆఫీసుల నిలవడ్డడు, ఇది మూడో సారి.
టోలిచౌకి ఇంట్ల పిల్లలు దుంకితే
కింద ఓనరు కట్టెతోని సీలింగు కొడ్తడు.

టికెట్ కిటికీల పెద్దమనిషి
అద్దాలు ముక్కు మీదికి దించి సూసిండు.
మనోళ్లకో రేటు, బయటోళ్లకో రేటు.
"చిన్నోడు నీలోఫర్ల పుట్టిండు సార్,
ముసురుల నా ఆటోలనే తీస్కపోయిన" అన్న.
రజాన్ మధ్యల దూరి
"రెండొకట్ల రెండు, రెండ్రెండ్ల నాలుగు" అని
తెలుగుల ఎక్కం మొదలువెట్టింది.
రెండైదుల పది దాంక విన్నడాయన.
"రూలు రూలే బిడ్డా" అన్నడు.
అనుకుంటనే పిల్లలకు టికెట్ లేదన్నడు.
అండ్ల ఏది రూలో ఏది దయనో
నేనడగలె.

లోపల సల్లగున్నది.
ముక్కు పోయిన బుద్ధుడు, చెయ్యి ఇరిగిన దేవత.
ముహన్నద్‌కు వాళ్ల జోలి లేదు,
నున్నటి గచ్చు మీద సాక్సులతోని జారుతున్నడు.
చంటోడు కత్తులను జూసి నవ్విండు,
పాత నాణేలను జూసి ఏడ్సిండు.
లోకం తెల్సినోడే అనుకున్న.

ఇంకో గదిల అద్దాల పెట్టె.
పేలికలు సుట్టుకొని పండుకున్న ఆడపిల్ల.
"ఈ... జి... ప్టు" రజాన్ కూడబలుక్కున్నది.
మేడం ఆగిపోయింది.
పక్కింటోళ్లు పండుకున్నరని
పిల్లల నోరు మూయించినట్టు
అరబ్బీల మెల్లగ ఏదో అన్నది.
ఎన్కకు తిరిగి, వచ్చీరాని ఉర్దూల నాకు జెప్పింది:
వీళ్ల ఊరు కింద, మా ఊరు మీద,
మేం తాగంగ మిగిలిన నైలే వీళ్లకు పోతది.

మాది వలిగొండ మేడం, అన్న.
ఈ పట్నం వాడంగ మిగిలిన మూసీ
మా పొలాలకొస్తది నురగతోని.
కిందోళ్ల సంగతి నాకెరుకే.
ఆమెకు ఎంత సమజైందో గాని తల ఊపింది.

"ఈమె ఎప్పుడొచ్చింది మామూ?"
నూరేండ్లయితుండొచ్చు బిడ్డా.
"వీసా ఉన్నదా?"
కాపలా పిలగాడు ఫక్కున నవ్విండు.
మేడం నవ్వలె.
"మరి ఇంటికి ఎప్పుడు పోతది?"

అప్పుడే ఫోన్ మోగింది.
దూరం జరిగి మాట్లాడింది మేడం,
చాన సేపు విన్నది, రెండే మాటలన్నది.
సోమవారం మళ్ల రమ్మన్నరంట.
ముహన్నద్ సగం కొరికిన బిస్కెట్టు
పెట్టె అంచు మీద పెట్టిండు, ఆమె ఆకలికి.
కాపలా పిలగాడు తీయబోయి, ఆగి,
మేం తలుపు దాటే దాంక అటు మొకం తిప్పుకున్నడు.

రజాన్ అద్దానికి నోరానిచ్చి
"పోయొస్త" అన్నది.
ఊపిరి ఆవిరి ఓ బిళ్లంత అంటుకున్నది.
ఏమన్నదని అడిగింది తల్లి.
మా దిక్కు పోతున్న అనరు మేడం,
పోయి వస్త అనాలె.
"పోయ్... ఒస్త" అని సూసుకున్నది నాల్కె మీద,
ఫోను ఇంక చెవి కాడనే ఉన్నది.

మెహదీపట్నం దాటినంక సూస్తె
మీటరే ఎయ్యలె.