మండపీతకు నాలుగ్గంటలు

విశాఖ నుంచి సింగపూరుకి
గీత గీసినట్టు వెళితే రెండువేల తొమ్మిదొందల కిలోమీటర్లు.
గాల్లో నాలుగ్గంటలు.
కార్గో కౌంటర్లో రోజూ రాస్తాను ఈ అంకెలు,
చూడకుండానే రాసేస్తాను.

కాసులమ్మ నా అంకెల్ని నమ్మదు.
ఫిషింగ్ హార్బర్ షెడ్డులో గోనెపట్టా మీద కూర్చుని
పీత డెక్కలు రెండూ ఒడుపుగా ముడిచి
నైలాను తాడు పంటితో లాగి బిగిస్తూ అంటుంది:
"కిలోమీట్రులు నాకెందుకు బావూ,
తడిగోనిలో ఇది ఎంతసేపు ఊపిరట్టుకుంతాది, అది సెప్పు."

చెప్పలేను. ఆ లెక్క ఆమెదే.
బరువైన ఆడపీతకి రెండు రాత్రులు.
పాత డిప్ప విడిచి కొత్తది కట్టుకున్నదానికి ఒకటి.
కళ్ళు లోపలికి లాక్కున్నదాన్ని
పక్కన పడేస్తుంది, ఇంటి కూరకి.

హార్బరు నుంచి ఎయిర్‌పోర్టుకి పద్నాలుగు కిలోమీటర్లు.
ఈ దూరానికి నా కాగితంలో గడి లేదు.
కాన్వెంట్ జంక్షన్లో బొగ్గు లారీలు,
జ్ఞానాపురంలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపు,
ఎన్ఏడీ దగ్గర వంతెన మీదా ఆగి, కిందా ఆగి
మొన్న ఆదివారం గంటా యాభై నిమిషాలు.
ఆటోలోంచి కారిన గోనెనీళ్ళు
తారు మీద చుక్కలు పెట్టుకుంటూ వచ్చాయి.

రాత్రి పదకొండుకి లేచిన విమానం
అక్కడ తెల్లారి అయిదున్నరకి దిగుతుంది.
కాసులమ్మ వేళ్ళు మడిచింది.
"ఆరున్నర గంటలయినాయి గదేటి, నాలుగంతావేటి?"
అక్కడి గడియారం రెండున్నర గంటలు ముందుందన్నాను.
"అయితే ఆ రెండున్నరా
పీత బతికినట్టా, కానట్టా?"
నవ్వేశాను.
ఇంటికెళ్ళి అన్నం కలుపుతుంటే చెయ్యి ఆగింది.

ఈ పీతలు పట్టేది గుర్నాథం.
ఎక్కడ పడతావని ఏనాడూ అడగలేదు.
నిన్న సాయంత్రం, పాటుకి నీరు తీసిన వేళ,
రన్‌వే గోడ అవతల మేఘాద్రిగెడ్డ మడల్లో
తొడలోతు బురదలో నిలబడి
ఇనప కొక్కెం బొరియలోకి దింపుతున్నాడు.
నెత్తి మీంచి హైదరాబాదు బండి దిగుతుంటే
తల కూడా ఎత్తలేదు.

ఆ బొరియకీ నా కౌంటరుకీ కూతవేటు దూరం.
చక్రాలు నేలకి తగిలినప్పుడల్లా
దాని ఇల్లు వణికే ఉంటుంది.
ఆ చప్పుళ్ళలోనే డిప్ప గట్టిపడి ఉంటుంది.
గోడకి అటునుంచి ఇటు రావడానికి
హార్బరుకి పద్నాలుగు, మళ్ళీ వెనక్కి పద్నాలుగు.

ఈ రాత్రి ప్రయాణ సమయం గడిలో
నాలుగు వేసి, కలం ఎత్తాను.
పెట్టెలో ఏదో గీరుతోంది.
కాసులమ్మ ముడి వదులవదు.
అయినా అట్టకి చెవి ఆనించాను.

"సార్, టైమైపోతంది!" లోడరు కేక.
ఎవరి టైమూ అనబోయి
సంతకం పెట్టాను.