ఎవరో తలుసుకుంటున్నరు

ఐదు నెలల సంది దగ్గు.
నీళ్లు మారినయన్నరు. దిష్టన్నరు.
మిరపకాయలు తిప్పి పొయ్యిలేస్తే
ఇంటిల్లిపాది దగ్గినం,
పిల్ల ఎప్పటి లెక్కనే దగ్గింది.

కొత్తవాడల మగ్గం, మంచం ఒక్క అర్రల్నే.
జంపఖానా నేస్తుంటే లేసే నూగు
బల్బు సుట్టూ తేలుతది.
"నా పనే దీని రొమ్ముల పడ్డది" అని
కొమురెల్లి మగ్గం మీద దుప్పటి కప్పిండు.
పదకొండు రోజులు.
ఇంట్ల దగ్గు తప్ప ఇంకో సప్పుడు లేదు.

ఎర్ర సీసా, పచ్చ సీసా, మామిడిపండు వాసనది.
ఒకాయన టీబీ కావచ్చన్నడు.
ఆ మాట కొంగున ముడేసుకొని ఇంటిదాంక నడిచిన,
ఎవరికీ ఇప్పి సూపలే.

ఎంజీఎంల నుస్రత్ డాక్టరమ్మ
సీసాల దిక్కు సూడనేలేదు.
రాత్రి ఎక్కువనా, తెల్లారంగనా?
ఉరికితె వస్తదా, పండుకుంటె వస్తదా?
తడి దగ్గా, పొడిదా?
ఇంట్ల బీడీ ఎవరు తాగుతరు?
మా మామ చెప్పులు సూసుకున్నడు.

"మొట్టమొదటి దగ్గు యాదున్నదా?"

బిడ్డ మొదటి అడుగు అడిగితె చెప్తగని
మొదటి దగ్గు ఎవరికి యాదుంటదమ్మా,
అననే పోయిన, ఆగిన.
వడగండ్ల వాన పడ్డనాడు.
మనస్వి గడపల కూసొని పల్లీలు తింటున్నది.
రేకుల మీద మొదటి రాయి ఠప్పుమనంగనే
ఎగిరి నవ్వింది.
నవ్వు నడుమ సరం తప్పింది.
మొకం నల్లగైంది, మల్ల తేరుకుంది.
నెత్తి మీద తట్టుకుంట నేనే అన్న,
ఎవరో తలుసుకుంటున్నరు బిడ్డా.

డాక్టరమ్మ కుడి దిక్కు విన్నది.
ఎడమ దిక్కు శానసేపు విన్నది.
"ఇటు గాలి సక్కగ పోతలేదు."

గొట్టమేసి తీసిన్రు.
సగం పల్లి బద్ద.
చిన్న డబ్బీల పెట్టి సూపిచ్చిన్రు,
మగ్గం మీది దుప్పటి, టీబీ మాట, ఐదు నెలల నిద్ర,
అన్నీ ఆ గోరంత దానికే.

ఇంటికొచ్చిన రాత్రి దగ్గు లేదు.
మూడుసార్లు లేసి ముక్కుకాడ ఏలు పెట్టి సూసిన.
నూగు సుత మంచిది కాదన్నదామె,
కొమురెల్లి గోడకు కిటికీ కొడుతున్నడు.
మామ బీడీ పట్టుకొని గల్లీలకు పోతున్నడు,
ఇంకా అలగిన మొకంతోనే.

మొన్న పక్కింటి పిల్లగానికి సరం తప్పింది.
"ఎవరో తలుసుకుంటున్నరు" అన్నది వాళ్ల నాయనమ్మ.
తలుసుకుంటె తలుసుకోనీ అని
నేను ఉరికి పోయి
ముందుగాల ఆని చేతిలేమున్నదో సూసిన.