సగం నీళ్లు

ఆటోనగర్‌లో పొద్దున ఎనిమిదింటికే రేకు కాలతాది.
పరాంకుశం సామి జిప్సీని రివర్సులో తెచ్చి
నా షెడ్డు ముందర ఆపినాడు.
ముప్పై ఏండ్లు గూడ్సుబండి గార్డు.
లోకమంతా ఆఖరి పెట్టెలోంచే చూసినాడంట,
దాటిపోయిన ఊర్లు, చిన్నవైపోయే సిగ్నళ్లు.
ఇంక ముందు అద్దంలోంచి చూస్తానని
మిలిటరీ వేలంలో కొన్నాడు
ఈ నాలుగు చక్రాలూ లాగే బండిని.

"అరవై లీటర్ల ట్యాంకు కావాల నూరూ.
కచ్ దాకా పోతా. అంతా ఉప్పునేలంట."

ప్లాస్టిక్ క్యాన్లు కట్టుకోండి సామీ అన్నా.
దొర్లుతాయి, ఎండకు వాసనొస్తాయి,
నీళ్లు బండితోనే పుట్టినట్టుండాల, అన్నాడు.

సరే, టేపు తీసినా.
వెనక సీటు కింద, ఇరుసుకు రొంత ముందర.
లీటరంటే కిలో.
అరవై కిలోలంటే
టికెట్టు లేకుండా ఎక్కిన ఇంకో మనిషి.
రైల్వే ఆయన గదా, నవ్వినాడు.

గుంతల్లో ఛాసిస్ మెలి తిరగతాది, ట్యాంకు తిరగదు.
నాలుగు మూలలా బిగిస్తే ఏదో ఒక మూల చీలతాది.
మూడు కాళ్లు చాలు దానికి,
కాళ్లకు రబ్బరు చెప్పులు.

స్టీలురేకు మీద చాక్‌పీసుతో
లోపలికి రెండు అడ్డురేకులు గీసినా.
"ఇవెందుకు? కడగను చెయ్యి పోదే.
నిండుగా ఉంటే నీళ్లు కదలవు గదా?"

నిండుగా ఉంటే కదలవు సామీ.
నిండుగా ఎంతసేపుంటాయి?
మీరు మొదటిసారి మొహం కడుక్కున్న కాన్నించి
అవి సగానికే బయల్దేరతాయి.

మా అన్న దస్తగిరి ఎండాకాలం ట్యాంకరు తోలేవాడు.
ఆ పొద్దు ఒక ఊర్లో సగం పోసి
సగంతో బాకరాపేట కనుమ దిగతా ఉన్నాడు.
ట్యాంకరు పాతది. లోపలి రేకులు తుప్పుపట్టి ఊడితే
ఓనరు వాటిని పాత ఇనుముకు వేసినాడు,
కిలో ఎంతకో.
మలుపులో అన్న స్టీరింగు తిప్పినాడు.
బండి తిరిగింది.
నీళ్లు తిరగలా.

నేను పోయేసరికి బండలు ఆరిపోయినాయి.
గుంతలో నిలిచిన కాసిని నీళ్లు
ఎవురివో మేకలు తాగతా ఉన్నాయి.

ఇదంతా ఆయనకు చెప్పలేదు.
"రేకులుండాల్సిందే" అని
గ్రైండరు ఆన్ చేసినా.

ఆర్గాన్ మంట కింద రెండు దినాలు.
అడ్డురేకుల కింది మూలలు నెలవంకల్లా కోసినా,
నీళ్లకు నడిచే దోవ ఉండాల గదా.
పైన గుండ్రంగా ఒక మూత,
నా చెయ్యి పట్టదు, సామి చెయ్యి సన్నం.
గాలి పీల్చుకోను ఒక గొట్టం.
పన్నెండు వోల్టుల మోటారు.
వెనక తలుపు కాడ ఇత్తడి కుళాయి.

నింపి, కింద పేపరు పరిచి, షట్టరు దించినాము.
తెల్లారి పేపరు మీద రూపాయంత మచ్చ.
ఇరవై ఆరేండ్ల చేతి అతుకు, కారింది.
కుర్రోళ్లు చూడకముందే
పేపరు మడిచి జేబులో పెట్టుకున్నా.
రెండో రాత్రికి
పెండ్లిసంబంధాల కాలమ్ పొడిగా, అక్షరం చెదరకుండా ఉండె.

నిమ్మకాయ నీళ్లతో మూడుసార్లు కడిగి
గ్లాసుడు పట్టిచ్చినా.
సామి నోట్లో పెట్టుకోని చానా సేపు మింగలా.
"ఏ రుచీ లేదబ్బా" అన్నాడు.
ఆ మాటకే నేను కాసుకోనుండేది.

కరకంబాడి రోడ్డెక్కే ముందర
ముప్పై లీటర్లు మోరీలోకి వదిలేసినా.
"అయ్యో, ఎందుకు?"
సగంతోనే చూడాల సామీ.

ఆయన తోలతా ఉంటే
వెనక పడుకోని చెవి రేకుకు ఆనించినా.
తొక్కండి బ్రేకు.
లోపల నీళ్లు లేసినాయి,
మొదటి రేకుకు తగిలి గొణిగినాయి,
రెండోదాని కాడ కూచున్నాయి.
మళ్లీ తొక్కండి.
మళ్లీ.
ఎడమకు కొట్టండి సామీ, గట్టిగా, ఇంకా గట్టిగా.

ఎన్నిసార్లు తొక్కిచ్చినానో.
ఆఖరికి ఆయనే బండి పక్కకు తీసి
వెనక్కి తిరిగినాడు.
ఏమీ అడగలేదు.
ముప్పై ఏండ్లు వెనక్కి చూసిన మనిషి,
ఏదో కనపడే ఉంటాది.

"సరిగ్గుందా?"

ఉంది సామీ.
పోనీండి.