నలభై అయిదు డిగ్రీలు

గచ్చిబౌలిల రాత్రి పదకొండున్నర.
కిటికీ అవతల ఇంకా లేస్తున్న టవరు మీద
క్రేను దీపం ఒక్కటే, ఎర్రగ.
తెర మీద నా రెండు కోట్ల గెలాక్సీలు,
ఒక్కొక్కటి పిడికెడు పిక్సెళ్ల మరక.

వాటికీ మనకూ నడుమ ఏదో బరువున్నది.
కనపడదు. వెలుగును కొంచెం వంచుతది.
ఆకారాన్ని నూటికి ఒక పాలు సాగదీస్తది, అంతే.
గెలాక్సీ ఏదీ గుండ్రంగ పుట్టదు గనుక
ఒక్కదాన్ని అడిగితే ఏం చెప్పదు.
కోటింటిని అడిగి, సగటు తీసి,
ఆఖరికి మిగిలిన వంపును
బరువు అంటం.

మూడేండ్లు అడిగిన.
పోయిన నెల వంపు కనపడ్డది.
ఆ సాయంత్రం క్యాంటీన్ల అందరికీ
మిర్చిబజ్జీలు నా లెక్కల రాసుకోమన్న.

అద్దం అబద్ధమాడుతదని తెలుసు.
అందుకే నక్షత్రాలను సాక్షులుగ పెట్టుకుంటం.
నక్షత్రం చుక్క. చుక్క కోడిగుడ్డయితే
తప్పు గాలిది, అద్దానిది, దూరదర్శిని వణుకుది.
కానీ బాగ మెరిసే సాక్షి
చిప్పు మీద తన వెలుగుకు తనే ఉబ్బుతది.
మసక గెలాక్సీల కేసుల దాని మాట చెల్లదు.
ఇది తెలిసేసరికి ఒక ఏడాది.

రంగు చూసి దూరం చెప్పుడు ఇంకో తంటా.
ఎర్రగడ్డ రైతుబజార్ల యాదమ్మ
ఎర్ర పట్టా కింద టమాటలు పోస్తది.
ఇంటికొచ్చి చూస్తే సగం పచ్చివి.
నడుమల దుమ్ము ఎన్ని పట్టాలు కట్టిందో
ఎవరికెరుక.

పోయిన వారం వానల, షేక్‌పేట ఫ్లైఓవర్ మీద
నా ముందు ఒక స్కూటీ.
రెయిన్‌కోట్ల ఒక్క మనిషి, లావుగ, ఎడమకు వాలి.
సిగ్నల్ కాడ ఆ కోటు కిందికెల్లి
ఒక చిన్న చెయ్యి బయటకొచ్చి చినుకు పట్టింది.
తడిసిన బట్టలతోనే కూర్చుని కేటలాగ్ తెరిచిన.
ఎన్ని జంటలను ఒక్కటని రాసుకున్ననో!
లెక్క ఇంకా ఒడవలే.

పైగ ఒక్క గుంపుల పుట్టినవి
ఎవ్వరూ వంచకముందే ఒకే దిక్కుకు వాలి ఉంటయి,
అన్నదమ్ముల నడక లెక్క.

ఇయ్యాల పొద్దుగాల భూపాల్ సార్ ఒక్కటే అడిగిండు:
"తిప్పి చూసినవా?"
ఆకారాలన్నిటినీ నలభై అయిదు డిగ్రీలు తిప్పాలె.
బరువు అట్ల అడ్డంగ మెలిపెట్టదు.
సున్నా రావాలె.

తిప్పిన.
రాలే.
చిన్నదే, మొండిది,
నా వంపుల మూడో వంతుంటది.

నుస్రత్ కుర్చీ లాక్కుని కూర్చున్నది.
శానసేపు చూసి, "కిస్కా హై యే?" అన్నది.

ఎవరిదో తెలువది.
ఆకాశానిది మాత్రం కాదు.
గాలిదా, చిప్పుదా, నేను రాసిన కోడుదా,
బజ్జీలు తినిపించిన నాటి నా తొందరదా.

కొత్త ఫైలు తెరిచి "సున్నా రానిది" అని పేరు పెట్టిన.
తడి కిటికీల క్రేను దీపం కోలగ సాగి ఉన్నది.
కండ్లద్దాలు తీసి, చున్నీతో తుడిచి, మళ్లా పెట్టుకున్న.
కొంచెం తగ్గింది.