ఇరవై అయిదుకీ నలభైకీ మధ్య

చలి ముదిరిన ఏడాది మా హీయుమా దీవికి
సముద్రమే రోడ్డవుతుంది.
ఒడ్డున బోర్డు మీద రాసి ఉంటుంది:
సీటు బెల్టు పెట్టుకోవద్దు.
మధ్యలో ఆగొద్దు.
ఇరవై అయిదుకీ నలభైకీ మధ్య వేగంతో పోవద్దు.

ఆ వేగంలో మంచు కింద నీళ్లకి అల లేస్తుంది,
బండితో పాటే నడుస్తుంది,
నడిచి నడిచి పైనున్న పలకని పగలగొడుతుంది.
పందొమ్మిదేళ్లుగా ఆ పలక మందం కొలిచేది నేనే.
బరమాతో ఒక బెజ్జం,
బెజ్జంలోకి కొక్కెం కర్ర,
పుస్తకంలో ఒక అంకె.

పోయిన వేసవిలో టాలిన్‌లో
తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి
నా గుండెలో నాలుగు గుమ్మాల చుట్టూ గడ్డకట్టించారు.
మైనస్ యాభై, అంది డాక్టర్ క్యార్ట్.
నాకు నవ్వొచ్చింది.
అంత చలి మా దీవిలో ఎన్నడూ చూడలేదు.
"పిచ్చి సంకేతాలు వచ్చే దారులివి. మూసేశాం."
మత్తు దిగకుండానే అడిగానట:
మందం ఎంత?

మొదటి మూడు నెలలూ లెక్కలోకి రావన్నారు.
తడబడితే తడబడనీ,
మానుతున్న పుండు చేసే గోల అది.
లెక్కలోకి రాని రాత్రుల్ని నేను లెక్కపెట్టాను.
పదకొండు.

తర్వాత ఆకురాలే కాలమంతా చడీచప్పుడూ లేదు.
కట్టెలు కొట్టాను.
ఆవిరి గదిలో పై మెట్టు కాదు గానీ రెండో మెట్టు మీద కూర్చున్నాను.
కాఫీ తాగాను, సగం కప్పు, దొంగలా.
మా అక్క వైకె ఓడరేవు కొట్లో చెప్పేసింది,
ఉర్వెకి నయమైపోయిందని.
కొట్లో చెప్తే దీవికి చెప్పినట్టే.

డిసెంబరులో ఒక మంగళవారం
బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే వచ్చింది.
తలుపు తట్టలేదు. ఇంట్లో మనిషిలా వచ్చింది.
ఒకటి. ఒకటి.
ఏమీ లేదు.
మూడు కలిసి, మీదమీద పడి,
మళ్లీ ఏమీ లేదు.
బకెట్లో చేప కొట్టుకున్నట్టు అంటారు అందరూ.
కాదు. చేపకి బయటపడాలని ఉంటుంది.
దీనికి ఎక్కడికీ పోవాలని లేదు.
కత్తి కింద పెట్టి
నా మణికట్టు నేనే పట్టుకున్నాను,
సంతలో తప్పిపోతానని అమ్మ పట్టుకున్నట్టు.

వైకెకి నాలుగు రోజులు చెప్పలేదు.
చెప్తే గుండె నిబ్బరం చేసుకోమంటుంది.
పాపం, దానికి చేతకాని పని అదొక్కటే.
రక్తం పలచబడే మాత్ర మళ్లీ రెండు పూటలా.
మోచేతి మీద ఎక్కడ తగిలిందో తెలియని నీలం మచ్చ,
నేరేడు పండంత.

డాక్టర్ తెర మీద గీతలు చూపించింది.
"ఒక గుమ్మం దగ్గర సందు పడింది. చిన్నదే. మళ్లీ చేయొచ్చు."
చిన్న సందంటే ఏమిటో నాకా చెప్పడం!
వేలెడు పగులు పక్కన జూనిపర్ కొమ్మ పాతి
ఆరు కిలోమీటర్ల రోడ్డు మూయించినదాన్ని.
తప్పెవరిదని మాత్రం అడగలేదు.
పగిలిన ఏడాది మంచుని ఎవరైనా తిట్టగా
నేను వినలేదు.

మార్చికి పేరు రాయించుకున్నాను.
కొట్టేయించుకున్నాను.
మళ్లీ రాయించుకున్నాను.
అక్కడి అమ్మాయి ఈసారి పెన్సిలుతో రాసింది.

ఇవాళ పొద్దున తానెల్‌తో మంచు మీదికి వెళ్లాను.
బెల్టు పెట్టుకోలేదు, తలుపు ఓరగా వేశాను.
బండి ముల్లు ఇరవై మీద.
లోపల నూట నలభై.
పక్కన కూర్చున్న కుర్రాడికి
రెండో ముల్లు కనపడదు.

బెజ్జం వేశాం. కొక్కెం దించాను.
"ఇరవై రెండు."
"తెరవొచ్చా?"
"ఇవాళ్టికి."
రాసుకున్నాడు.
రేపు ఇక్కడే కొలుద్దామా అంటే వద్దన్నాను.
పాత బెజ్జం పక్కన మంచు
ఉన్నదానికంటే ఎక్కువ చెప్తుంది.
పది అడుగులు పక్కకి జరగాలి,
మళ్లీ మొదట్నించి తవ్వాలి.