పది మిల్లీలీటర్ల తిప్పేస్వామి

రాత్రి రెండున్నర.
యలహంక దాటాక, పొలమో ప్లాటో
ఇంకా తేల్చుకోని నేలమీద మా ల్యాబు.
మైక్రోస్కోపు కింద
క్యాబు డ్రైవరు తిప్పేస్వామి నెత్తురు.
సాయంత్రం సంతకం పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని
పది మిల్లీలీటర్లు ఇచ్చాడు.
ఎరుపంతా తీసేశాను.
మిగిలినవి తెల్లకణాలు,
సగ్గుబియ్యంలా గుండ్రంగా, ఏ దిక్కూ లేకుండా.

గాజు అంచున ఒక చుక్క వదిలాను:
బాక్టీరియా వాసన. బాక్టీరియా లేదు.

నిమిషం పట్టలేదు,
సగ్గుబియ్యానికి ముఖం మొలిచింది.
వాసన తగిలిన వైపు, పొర లోపల,
ఒక ఎంజైము కొవ్వు అణువుకి ఫాస్ఫేటు బొట్టు పెడుతుంది,
ఇటే ముందు.
ఇంకొకటి పక్కలకీ వెనక్కీ తిరిగి బొట్టు చెరుపుతుంది,
ఇటు కాదు, ఇటు కాదు.
కరెంటు పోయిన ఇంట్లో
గోడ తడుముతూ స్విచ్చు వెతికే మనిషిలా
చెయ్యి చాపి, ఒళ్లు చేరదీసుకుని, మడమ ఎత్తి
కణం నడిచింది.

నాలుగో గిన్నెలో చెరిపేదాన్ని మందుతో ఆపాను.
చుట్టూ బొట్లే. చుట్టూ ముందే.
పెనం మీద అట్టులా పరుచుకుని
అక్కడే ఉండిపోయింది.
ఐదో గిన్నెలో మడమ ఎత్తించే ఎంజైమును ఆపాను.
ముందుభాగం పోతూనే ఉంది, వెనక వదలదు,
తీగపాకంలా సాగి, సాగి...
నోట్‌బుక్‌లో 'పొడవాటి తోక' అని రాశాను.
ఇంకో మాట తోచింది, నా గురించి.
దానికి ఆ పట్టికలో గడి లేదు.

టీ ఫ్లాస్కుతో వచ్చాడు తిప్పేస్వామి.
"నాదేనా ఇది?" అద్దంలోకి వంగాడు.
"యాడికి పోతాంది మేడమ్?"
"ఎక్కడో దెబ్బ తగిలిందనుకుని."
"యాడ తగిలింది?"
"ఎక్కడా లేదు. వాసన నేనే పెట్టాను."
కన్ను తీయకుండా "పాపం" అన్నాడు
పక్కింటి పిల్లాణ్ణి అన్నట్టు.
రేపటికి అవి ఉండవని చెప్పలేదు నేను.

నాలుగింటికి ఇంటికి బయల్దేరాం.
హెబ్బాళ ఫ్లైఓవరు మీద మేమూ, ఒక పాల వ్యానూ.
స్టీరింగు మీద అతని బొటనవేలికి
కారు తుడిచే గుడ్డ చుట్టి ఉంది.
"అర్ధరాత్రి స్టెప్నీ మారుస్తాంటే జాకీ జారింది.
ఏం లేదులే మేడమ్, సలుపుతాంది అంతే."

వీధిదీపం ఒకటి గుడ్డమీదుగా పోయింది,
ఇంకొకటి.
దాని కింద, నేను చూడలేని చోట,
బొట్టు పెడుతూ, చెరుపుతూ,
మడమ ఎత్తుతూ
ఈసారి నిజంగా దెబ్బ తగిలిన వైపు.

"అద్దం దించమంటారా?" అన్నాడు.
దించమన్నాను.