శనివారం దుబాసీ

పెరంబూరులో లోకలెక్కి
మూర్‌మార్కెట్టు దగ్గర దిగి
సబ్‌వే దాటితే జనరలాసుపత్రి.
మెడలో మా సంఘం కార్డు: తెలుగు సాయం.
వెనక పాస్టరుగారి సంతకం,
ముందు నా పేరులో ఒక అచ్చుతప్పు.

నేనీ ఊళ్ళోనే పుట్టాను.
మిల్లు పనికొచ్చిన తాత మూటగట్టుకొచ్చిన తెలుగు
నాదాకా వచ్చేసరికి
సగం గుడిలో మిగిలింది, సగం వంటింట్లో.
కృప తెలుసు, రక్షణ తెలుసు,
ప్రాయశ్చిత్తం ఒత్తులతో సహా రాస్తాను.
చింతపండు తెలుసు, తిరగమోత తెలుసు.
ఒంట్లో ఏమవుతోందో చెప్పుకునే తెలుగే
నాకెవరూ నేర్పలేదు.

మొదటి శనివారం
కనిగిరి పెద్దాయన పిక్కలు చూపించి
"తీపులమ్మా" అన్నాడు.
చక్కెర జబ్బట, అని డాక్టరుకి చెప్పాను.
వరసంతా నవ్వింది,
ఆయన తప్ప.

అప్పట్నించీ
సండేస్కూలు హాజరుపట్టీ చివరి పేజీల్లో రాసుకుంటున్నాను.
సలుపు: గడ్డ లోపల్నించి ఎవరో తలుపు కొడుతున్నట్టు,
రాత్రిపూట ఎక్కువ.
కలుక్కు: ఒంగినప్పుడు, ఒక్కసారే.
గుంజుడు, పీకుడు. తేడా మళ్ళీ అడగాలి.
దేవడం: కడుపులోది.
ఇందులో దేవుడు లేడు,
అయినా రాస్తుంటే పెన్ను కాస్త ఆగింది.

నిన్న పోలేరమ్మ.
పొదిలి అవతల ఏదో ఊరు.
పాదానికి తన చీరపేలికే కట్టు.
విప్పుతున్నంతసేపూ పట్టుకోమంది నన్ను
డాక్టరు కయల్విళి.

శ్రమలవారంలో మా గుడిలో
పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు.
అందరం ఇంట్లోనే రుద్ది కడుక్కుని వస్తాం.
పోయినేడు నేను పౌడరు కూడా వేసుకున్నాను.

ఈ పాదం వాసనేస్తోంది.
నా చెయ్యి వెనక్కొచ్చింది, అబద్ధమెందుకు.
మళ్ళీ పెట్టాను,
డాక్టరు చూస్తోందని.

"రెండు వేళ్ళు తీసెయ్యాలి, చెప్పండి," అంది తమిళంలో.
చెప్పాలి.
తీయడమనాలా, కొయ్యడమనాలా?
గుడి తెలుగంతా గాలిస్తే
ఛేదించుట దొరికింది.
నోరు తెరిచి మూశాను.

పోలేరమ్మ నా మొహం చదివేసింది.
"కోస్తారంటనా? కోయనీ. ఎన్నేళ్ళు?"
వేళ్ళడిగిందో, ఏళ్ళడిగిందో.
రెండు చూపించాను.
"రెండేనా," అంది,
కాసేపు గోడకేసి చూసింది.

తర్వాత నా కొంగు లాగి,
"ఆ పిల్లనడుగు, ఏమన్నా తిన్నదా?
పెదాలట్టా ఎండిపోయినయ్యే."

అడిగాను.
డాక్టరు పెన్నుకి మూత పెట్టింది, తీసింది,
మళ్ళీ పెట్టింది.
నిన్న రాత్రి, అంది. ఒక టీ.
నేనది తెలుగులోకి మార్చేలోపే
పోలేరమ్మ సంచిలోంచి పేపరు పొట్లం,
పొట్లంలోంచి నువ్వులుండ,
నాకవతలనించే
ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్ళిపోయింది.

ఇవాళ ఆదివారం.
ముందు వరసలో పరంజ్యోతమ్మగారు
ఊగిపోతూ భాషల్లో ప్రార్థిస్తున్నారు.
"అర్థం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా?"
ప్రతివారంలాగే అడిగారు పాస్టరుగారు.
ప్రతివారంలాగే ఎవరూ లేవలేదు.

నేను వెనక బెంచీలో హాజరుపట్టీ తిరగేసి
సలుపు కింద, దేవడం కింద,
ఏమన్నా తిన్నదా, అని రాసి
చుక్కలు రెండు పెట్టి
అవతల ఏం రాయాలో తోచక కూర్చున్నాను.
రెండుసార్లు సబ్బుతో కడిగినా
వేళ్ళకింకా ఆ వాసన.

పిల్లలొచ్చి నిలబడ్డారు,
పేర్లు పిలవమని.